రెండో వాక్యం

2015 ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. ఇండియన్ సోషల్ క్లబ్ తెలుగు విభాగంలో పరిచయమైన మిత్రుడొకాయన. "మీ రుసైల్‌లోనే నిజ్వా రోడ్డు దాటుతుంటే ఎవరో తెలుగు కుర్రాణ్ణి కారు గుద్దేసిందట. ఆసుపత్రిలో ఉన్నాడు. ఏ భాషలో పలకరించినా జవాబు సరిగ్గా రావట్లేదట. కాస్త వెళ్ళి చూస్తారా?" అన్నాడు.

రుసైల్ తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. మస్కట్ విమానాశ్రయం దాటి కాస్త ముందుకొస్తే నిజ్వా వైపు పెద్ద రోడ్డు చీలుతుంది. ఆ దగ్గర్లోనే 1980లలో కట్టిన పారిశ్రామిక వాడ ఉంది. దాన్ని ఆనుకునే 2003లో నాలెడ్జ్ ఒయాసిస్ మస్కట్ అని కంప్యూటర్ కంపెనీల కోసం ఒక పార్కు వెలిసింది. నా పని ఈ పార్కులో. అతని పని ఆ వాడలో. ఇద్దరం ఒకే రోడ్డు మీద తిరుగుతూ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. అతను ఆ రోడ్డుని నడిచి దాటేవాడు. నేను కారులో, అద్దాలు బిగించుకుని, ఏసీ వేసుకుని వెళ్ళేవాణ్ణి.

నేను వెళ్ళేసరికి కుర్రాడు కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. తలకి కట్టు. ముప్పై ఏళ్ళుంటాయేమో. మలయాళీ నర్సు హిందీలో ఏదో అడుగుతోంది, ఒమానీ డాక్టరు చేతిలో కాగితం పట్టుకుని నిలబడ్డాడు. "మీరు మీ భాషలో అడగండి. పేరు, ఎక్కడున్నాడు, ఇది ఏ నెల" అన్నాడు.

నాది తెనాలి. అతనిది అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో నిర్మల్ దగ్గర పల్లెటూరు. నా తెలుగు అతనికి ఎంత అందుతుందో అనుకుంటూనే, "తమ్ముడూ, నీ పేరేంటి?" అని చెవి దగ్గర గట్టిగా అడిగాను. కళ్ళు తెరిచాడు. పేరు చెప్పాడు. నర్సు ముఖం వెలిగింది.

"ఇప్పుడు ఎక్కడున్నావ్?"

"దుబాయిల."

డాక్టరుకి ఆ ఒక్క మాటా అనువాదం లేకుండానే అర్థమైంది. కాగితం మీద ఏదో వేయబోయాడు. నేను కంగారుగా ఆపి చెప్పాను. అతని ఊళ్ళో మస్కటైనా, కువైటైనా, దోహా అయినా అన్నీ దుబాయే. ఎడారి దేశం పోయినవాడు దుబాయి పోయినట్టే. బుర్ర చెదిరి అన్న మాట కాదది. వాళ్ళ ఊరి భూగోళ శాస్త్రం ప్రకారం సరైన జవాబు. డాక్టరు నవ్వి, ఇంకో రెండు ప్రశ్నలు అడిగించాడు. నెల చెప్పాడు. ఏ రోజు జీతం వస్తుందో కూడా చెప్పాడు. అప్పుడు అంకె దిద్దాడు.

ఆ అంకె ఏమిటో ఇంటికొచ్చాక చదువుకున్నాను. దాన్ని గ్లాస్గో కోమా స్కేల్ అంటారు. 1974లో స్కాట్లండులోని గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, అవయవాల కదలికకి 6. మొత్తం 15 వస్తే పూర్తి స్పృహ. ఏమీ లేకపోయినా 3 వస్తుంది. అంతకు ముందు ఒక డాక్టరు "మగత" అన్నదాన్ని ఇంకొకరు "కోమా" అనేవాళ్ళు, దాంతో ఒక ఆసుపత్రి రోగుల్ని ఇంకో ఆసుపత్రి రోగులతో పోల్చడం కష్టమయ్యేది. ఈ అంకె వచ్చాక ఎడిన్‌బరోలోనైనా హైదరాబాదులోనైనా ఒకే మాట. కానీ మాట దగ్గర 5కీ 4కీ ఉన్న తేడా, మనిషికి తానెక్కడున్నాడో తెలుసా లేదా అన్నదే. "దుబాయిల" అన్న జవాబుకి ఒక మార్కు పోతుందని గ్లాస్గోలో కూర్చున్నవాళ్ళు ఊహించి ఉండరు.

ఆ మార్కు మిగిలిందన్న నా సంతోషం తెల్లారేదాకా కూడా నిలవలేదు. మెదడు వాచింది. స్పృహ తప్పింది. వెంటిలేటర్ పెట్టారు. మూడో రోజుకి పుర్రె లోపలి ఒత్తిడి మందులకి లొంగడం మానేసింది. పుర్రె ఎముకలో పెద్ద ముక్క తీసేసి, వాచిన మెదడుకి చోటివ్వాలని సర్జన్ అన్నాడు. ఊళ్ళో భార్యకి చెప్పాలి. చెప్పవలసింది నేను.

సర్జన్ రెండు వాక్యాలు చెప్పాడు. మొదటిది: ఆపరేషన్ చేస్తే బతికే అవకాశం పెరుగుతుంది. రెండోది: బతికితే ఎలాంటి మనిషిగా బతుకుతాడో నేను చెప్పలేను.

నేను ఫోన్లో మొదటి వాక్యం చెప్పాను. "అమ్మా, ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలబడుతుందంటున్నారు" అన్నాను. అవతల ఏడుపు. వెనక ఎవరో ముసలావిడ శోకాలు. "చెయ్యుమను సారూ, నీ కాళ్ళు మొక్కుత" అంది. రెండో వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది. సర్జన్ నా వైపు చూశాడు. అంతా చెప్పేశానన్నట్టు తలూపాను.

అతను బతికాడు. రెండు నెలల తర్వాత కంపెనీ మనిషిని తోడిచ్చి హైదరాబాద్ విమానం ఎక్కించారు. చక్రాల కుర్చీలో ఉన్నాడు, నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తాడు. డిశ్చార్జి కాగితంలో "మెరుగైన స్థితిలో" అని రాశారు. అది నిజమే. వచ్చినప్పటికన్నా మెరుగే.

నేను ఇరవై ఏళ్ళుగా డేటాబేసులతో బతుకుతున్నవాణ్ణి. ఒక వరుసలో ఆఖరి గడి ఖాళీగా ఉంటే నిద్ర పట్టదు. అతనికేమైందన్న ప్రశ్న అలాగే పట్టుకుంది. చదవడం మొదలుపెట్టాను.

తలకి దెబ్బ తగిలిన వాళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళు ఫలితాన్ని ఆసుపత్రి గుమ్మం దగ్గర తేల్చరని అప్పుడే తెలిసింది. సాధారణంగా ఆరు నెలలు ఆగుతారు. 1975లో ఆ జెనెట్ గారే మైకేల్ బాండ్‌తో కలిసి ఇంకో కొలబద్ద తయారుచేశారు. చనిపోవడం, చలనం తప్ప ఎరుక లేకుండా మిగలడం, తీవ్ర వైకల్యం, ఒక మాదిరి వైకల్యం, బాగా కోలుకోవడం అని అయిదు మెట్లు. తర్వాత దాన్ని ఎనిమిది మెట్లు చేశారు. 1998లో దానికి ఒక ప్రశ్నల పట్టిక వచ్చింది. స్కానింగులూ లేవు, రక్త పరీక్షలూ లేవు. ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళచ్చా? ఒక్కడే కొట్టుకెళ్ళి సరుకులు తేగలడా? బస్సెక్కగలడా? పనికెళ్తున్నాడా? ఇంట్లో వాళ్ళతో గొడవలు పెరిగాయా? మన అత్తయ్యలు, పిన్నులు పెళ్ళిళ్ళలో ఆరా తీసే ప్రశ్నలే. ఫోన్లో అడగచ్చు.

ఇలాంటి లెక్కలెందుకని అనిపించవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. తలకి దెబ్బ తగిలితే వాపు తగ్గుతుందని స్టెరాయిడ్లు ఇవ్వడం దశాబ్దాల పాటు సాగింది. నమ్మకమే తప్ప గట్టి రుజువు లేదు. క్రాష్ అనే పేరుతో ఎన్నో దేశాల్లో 10,008 మంది రోగుల మీద పరీక్ష చేశారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మందు. 2004లో ఫలితాలు వచ్చాయి. రెండు వారాల్లో స్టెరాయిడ్ తీసుకున్న వాళ్ళలో నూటికి 21 మంది పోయారు, తీసుకోని వాళ్ళలో 18 మంది. మేలు చేస్తున్నామనుకున్న మందు ప్రాణం తీస్తోంది. నూటికి ముగ్గురి తేడా ఏ ఒక్క డాక్టరు కంటికీ కనపడేది కాదు. పది వేల మందిని లెక్కపెడితేనే కనపడింది.

ఆ రోగుల వివరాలతోనే 2008లో ఒక లెక్కల యంత్రం కూడా తయారుచేశారు. వయసు, కోమా అంకె, కంటిపాపల స్పందన ఇస్తే ఆరు నెలల తర్వాత ఎలా ఉండవచ్చో అంచనా చెబుతుంది. దాంట్లో దేశం పేరు కూడా అడుగుతుంది, ఎందుకంటే సంపన్న దేశాలకి ఒక లెక్క, మిగిలిన వాటికి ఇంకో లెక్క. ఆ జాబితా ముందు నా వేలు ఆగిపోయింది. దెబ్బ తగిలింది ఒమాన్‌లో, ఆపరేషన్ ఒమాన్‌లో. కోలుకోవలసింది నిర్మల్ పక్క పల్లెలో. ఏ దేశం నొక్కాలి? ప్రపంచ బ్యాంకు లెక్కలో ఒకటి సంపన్న దేశం, రెండోది కాదు. గల్ఫ్ పోయిన మనవాళ్ళు సగం కథ ఇక్కడ, సగం కథ అక్కడ ఉన్న మనుషులు. ఇక్కడి ఆసుపత్రికి వాళ్ళు డిశ్చార్జి అయినవాళ్ళు. అక్కడి ఆసుపత్రికి ఎక్కడో దెబ్బ తిని వచ్చినవాళ్ళు. ఆరు నెలలకి ఫోన్ చేయడానికి పాత నంబరు పలకదు. పరిశోధన భాషలో దీన్ని "ఫాలో అప్‌లో తప్పిపోవడం" అంటారు.

ఆగస్టులో నేనే ఫోన్ చేశాను. చేతిలో ఆ ప్రశ్నల పట్టిక పెట్టుకున్నాను. నేనేమీ డాక్టర్ని కాను, ఆ గడి ఖాళీగా వదలలేకపోయాను, అంతే.

"ఎలా ఉన్నాడమ్మా?"

"మంచిగనే ఉన్నడన్నా." సారు పోయి అన్ననయ్యాను.

"ఇంట్లో ఒక్కణ్ణే వదిలి వెళ్తున్నావా?"

"పొద్దుగాల బీడీలిచ్చిరానీకి పోత. మాపటికి రాను గని, ఎనిమిది గంటలైతే ఉంటడు. అన్నం వెట్టి పోతె తింటడు."

"కొట్టుకి వెళ్తాడా?"

"పోతడు. చీటి రాసిస్త. పైసలు లెక్కవెట్టరాదన్నా ఇప్పుడు. సేటు మంచోడు, చిల్లర సరిగ్గనే ఇస్తడు."

ఆ ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఏం కొనాలో తనే అనుకోగలగాలి, డబ్బు తనే చూసుకోగలగాలి. కాబట్టి జవాబు "లేదు". బస్సు, లేదు. పని, లేదు. ఇంట్లో గొడవల గురించి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. "ఊకె కోపానికొస్తడు. పోరగాండ్లు దగ్గరికి పోతలేరు. మొకమదే గని..." అని ఆపేసింది.

ఎనిమిది మెట్లలో నాలుగోది. ఇంట్లో పగలు ఎనిమిది గంటల దాకా ఒంటరిగా ఉండగలడు, గడప దాటితే ఇంకొకరు కావాలి. ఆమె దృష్టిలో "మంచిగనే ఉన్నడు". పట్టికలో "తీవ్ర వైకల్యం, పై మెట్టు".

మరుసటి సంవత్సరం, 2016లో, సరిగ్గా అలాంటి ఆపరేషన్ మీదే రెస్క్యూ ఐసీపీ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. పదేళ్ళ పాటు, చాలా దేశాల్లో, 408 మంది రోగులు. ఆరు నెలలకి, మందులతో సరిపెట్టిన వాళ్ళలో నూటికి 49 మంది దాకా పోతే, పుర్రె తెరిచిన వాళ్ళలో 27 మంది పోయారు. అంటే నూరు మందికి చేస్తే 22 మంది అదనంగా బతికారు. ఆ 22 మందిలో సుమారు ఆరుగురు ఎరుక లేని స్థితిలో మిగిలారు. ఎనిమిది మందికి ఇంట్లో కూడా ఎవరో ఒకరు తోడుండాలి. మిగిలిన ఎనిమిది మంది ఇంట్లో తమ పని తాము చేసుకునేవాళ్ళు, లేదా అంతకన్నా మెరుగు. పూర్తిగా కోలుకున్న వాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు. పరిశోధకులు నాలుగో మెట్టుని కూడా మంచి ఫలితాల్లోనే కలిపి చూశారు. ఆ లెక్కన మావాడు గెలిచినవాళ్ళ వైపే ఉన్నాడు.

నేను ఆ పట్టిక ముందు చాలాసేపు కూర్చున్నాను. అది ఆ రోజు సర్జన్ చెప్పిన రెండో వాక్యమే. 408 కుటుంబాల అనుభవం కలిపి రాసిన రెండో వాక్యం.

2017లో ఇంకో ఫలితం చదివాను. ఇది మన దేశానిదే. పక్షవాతం వచ్చిన 1,250 మందితో, 14 ఆసుపత్రుల్లో అటెండ్ అనే పరీక్ష చేశారు. ఇంటి మనిషికి వ్యాయామాలు, సేవ నేర్పించి పంపితే రోగి త్వరగా కోలుకుంటాడేమోనని. ఆరు నెలలకి చూస్తే నేర్పించిన వాళ్ళలోనూ, నేర్పించని వాళ్ళలోనూ చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడినవాళ్ళు నూటికి 47 మందే. అది పక్షవాతం, ఇది తల దెబ్బ, రెండూ ఒకటి కావు. అయినా నాకు ఆమే గుర్తొచ్చింది. భర్త కోలుకోకపోతే తన సేవ చాలలేదనుకుంటుందేమో. చాలకపోవడం ఆమె తప్పు కానే కాదు.

ఆ వారం ఫోన్ చేసి చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు డాక్టరుగారు ఇంకో మాట కూడా అన్నారు. బతికినా మునుపటి మనిషి కాకపోవచ్చని. నేనే నీకు చెప్పలేదు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "చెప్పినా చెయ్యుమనే అందునన్నా. నా మనిషి నాకు కావాలె. గని చెప్తె ఒకటి ఎర్కయ్యేది. ఇంటికొచ్చినంక మొదలు ఏడాది పొంటి నా మీదనే కోపమనుకున్న. నా వంట నచ్చుతలేదనుకున్న. దుబాయిల ఎవరన్న దొరికిందేమో అని గూడ అనుకున్న. దెబ్బతోటి గట్లయితదని ఎవ్వలు చెప్పలే."

నేను దాచింది ఆమెకి బాధ తగ్గించడానికని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ ఒక్క వాక్యం లేక ఆమె ఏడాది పాటు తనని తాను తప్పుపట్టుకుంది.

ఆ తర్వాత కూడా ఆసుపత్రుల నుంచి అప్పుడప్పుడూ ఫోన్లు వచ్చాయి. కడప మనిషి ఒకరు, జగిత్యాల మనిషి ఒకరు, అమలాపురం నుంచి వచ్చిన ఇంటిపని అమ్మాయి ఒకరు. డాక్టరు ఒక వాక్యం చెబితే ఒకటి, రెండు చెబితే రెండు, అవతలి వాళ్ళు ఏడుస్తున్నా ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మొత్తం చెబుతున్నాను. ఆరు నెలలకి ఒకసారి ఫోన్ చేస్తాను. కొన్ని నంబర్లు పలుకుతాయి, కొన్ని పలకవు.

నిర్మల్ నంబరు ఇప్పటికీ పలుకుతుంది. మొన్న అతనే ఎత్తాడు. నేనెవరో చెప్పాక కాసేపు ఆలోచించి, "దుబాయి అన్నవా?" అన్నాడు.

అవునన్నాను.