దేకే పిల్లాడు

మనవాళ్లు పసిపిల్లల ఎదుగుదలకు కూడా యతి కుదిర్చి పెట్టారు. బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు! బాగానే ఉంది గాని, ఈ వరసలో ఒక్కటి తప్పిందా, తల్లి ప్రాణం మీదికొస్తుంది.

మా మేనకోడలి కొడుక్కి 11వ నెల. దోగాడడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ఓ చెయ్యి నేలకానించి, ఇల్లంతా జరిగిపోతాడు. "మా పిల్లలు ఏడో నెలకే పాకారమ్మా!" అంటుంది అత్తగారు. ఆ పిల్లకు అన్నం సయించడం మానేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కలు చూపించాను. అయిదు దేశాల పిల్లలు, మన ఢిల్లీ పిల్లలతో సహా. 5 నెలలు నిండగానే మోకాళ్లమీద పాకినవాళ్లున్నారు, 13 నిండాక పాకినవాళ్లూ ఉన్నారు. నూటికి నలుగురు అసలు పాకనేలేదు! 9 నెలలు దాటినా కూర్చోకపోయినా, 18 నిండినా నడవకపోయినా, ఒకవైపు కాలూ చెయ్యీ చచ్చుగా ఉన్నా మాత్రం డాక్టరుకు చూపించి తీరాలి.

లెక్కలు అత్తగారికి ఆనలేదు. "వదినగారూ, దీన్ని దేకడం అనేకదా అంటారు? పిల్లలు దేకకుండానే ఆ మాట పుట్టిందంటారా?" అన్నాను.

ఆవిడ కాస్సేపు ఆలోచించింది. "మా ఆఖరి ఆడబడుచు దేకేదిట. మా అత్తగారు చెప్పేవారు" అంది.