కరవు సీమలో చల్లని గొడుగు

నల్లమాడ నుంచి కదిరి వైపు వెళ్తుంటే దారి పొడవునా రాళ్లగుట్టలు, వేరుశనగ చేలు. ఏడాది మొత్తం మీద సగటు వాన 550 మిల్లీమీటర్లే. ఇలాంటిచోట నీడెక్కడుంటుంది అనుకుంటున్నారా? ప్రపంచంలోనే అతి పెద్ద చెట్టునీడల్లో ఒకటి ఇక్కడే ఉంది. అదే తిమ్మమ్మ మర్రిమాను!

ముందు కదిరిలో లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోండి. ఖదిర అంటే చండ్ర చెట్టు. ఊరి పేరూ దాని నుంచే వచ్చిందంటారు. అక్కణ్నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు వెళ్తే గూటిబయలు. దూరం నుంచి చిట్టడవిలా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే... ఒక్కటే చెట్టు! దాదాపు 5 ఎకరాల్లో పరచుకున్న ఈ మానుకి వెయ్యికి పైగా ఊడలున్నాయి. 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. 15వ శతాబ్దంలో భర్తతోపాటు చితిలో ప్రవేశించిన తిమ్మమ్మ పేరు మీద, చితికి నాటిన గుంజే ఇలా చిగురించిందన్నది స్థానికుల కథనం. చెట్టు కింద ఆమెకి చిన్న గుడి ఉంది. పిల్లల్లేని దంపతులు ఇక్కడికొచ్చి మొక్కుకుంటారు.

అయితే ఇంత మానూ దానంతటదే నిలబడలేదు. ఊడ నేలలో దిగితేనే కొమ్మకి ఆసరా. లేదంటే సొంత బరువుకే విరిగిపోతుంది. అందుకే అటవీశాఖ సిబ్బంది లేత ఊడల్ని మట్టి నింపిన వెదురుబొంగుల్లోంచి నేలకి దించుతారు.

సెలవురోజున పిల్లల్ని తీసుకెళ్లండి. కానీ ఊడలు పట్టుకుని ఊగొద్దనీ, పేర్లు చెక్కొద్దనీ ముందే చెప్పండి. ఈ రోజు వేలాడే ఆ సన్నని ఊడే, రేపు చెట్టుని మోసే స్తంభం మరి!