పద్మిని నడక – పెట్రోలు లెక్క

కావ్యాలు చదివినవారికి పద్మిని అనగానే ఉత్తమజాతి నాయిక స్ఫురిస్తుంది. మా ఇంటి పద్మినికి నాలుగు సిలిండర్లు, 1089 సి.సి. ఇంజను, స్టీరింగు ప్రక్కనే గేరు కఱ్ఱ ఉన్నవి. ముంబయిలోని కుర్లా కర్మాగారంలో ఫియట్ 1100 నమూనా మీద తయారైన ప్రీమియర్ పద్మిని అది. తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటినది. నాయికకు మందగమనము భూషణమని ఆలంకారికులు చెప్పిరి గాని, ఆమె త్రాగే పెట్రోలు సంగతి ఎవ్వరూ చెప్పలేదు.

ఈ బండిని ఇంకా ఎందుకు ఉంచుకొన్నారని మా అబ్బాయి ప్రతి పండుగకూ అడుగుతాడు. కారణము నాగర్‌కర్నూలులో ఉన్నది. మా అక్కయ్యకు చూపు తగ్గిపోయినది. ప్రతి శనివారము గద్వాల నుండి వెళ్ళి, ఒక పూట ఆమెకు భాగవతము చదివి వినిపించి, అవసరమైతే వైద్యుని దగ్గరకు తీసికొనిపోయి, సాయంకాలానికి తిరిగి వస్తాను. బస్సులో పోవచ్చును గాని వనపర్తిలో మారవలెను. పైగా అక్కయ్యను వైద్యుని దగ్గరకు బస్సులో తీసికొనిపోలేను. గద్వాల నుండి ఎఱ్ఱవల్లి చౌరస్తా, బీచుపల్లి వద్ద కృష్ణ వంతెన, పెబ్బేరు, వనపర్తి, బిజినేపల్లి మీదుగా రానుపోను రెండువందల కిలోమీటర్లు. లీటరుకు పది కిలోమీటర్లు వచ్చినచో ఇరువది లీటర్లు. లీటరు నూరు రూపాయలు దాటిన కాలంలో పింఛనుదారుడు ఈ లెక్కను నెలకు నాలుగుసార్లు వేసికొంటే, అక్కయ్యను చూడడము పదిహేను రోజులకు ఒకసారి చాలునేమో అన్న ఆలోచన రాక తప్పదు. నాకు వచ్చినది. ఆ ఆలోచన నాకు నచ్చలేదు. అందుచేతనే ఇంజను మూత ఎత్తించితిని.

మైలేజి కావలెనంటే చాలామంది చెప్పే ఉపాయము ఒకటే: కార్బ్యురేటరు మీది స్క్రూ బిగించడము. ఇంకొక మెకానిక్కు మరొక అడుగు ముందుకు వేసి, జెట్టు రంధ్రము చిన్నది చేస్తే పెట్రోలు తక్కువ పోతుందని చెప్పినాడు. వినడానికి తర్కబద్ధంగానే ఉన్నది. ఆలోచించి చెబుతానని బండి తీసికొని, వనపర్తిలో నాకు తెలిసిన ముసలి ఉస్తాదు దగ్గరకు పోయినాను. ఆయన చేతిలో పెరిగిన శిష్యులు ఇప్పుడు కంప్యూటరు తగిలించి బండ్లు చూస్తున్నారు. ఆయన మాత్రము చెవితోనే చూస్తాడు.

"సారూ, గా స్క్రూ బండి నిలవడ్డప్పుడు పనిజేస్తది. రోడ్డు మీద ఉరికేటప్పుడు దాని మాట ఎవరింటరు? అప్పుడు పెద్ద జెట్టుదే రాజ్యం" అన్నాడు.

ఈ ఒక్క మాటలో కార్బ్యురేటరు శాస్త్రము సగమున్నది. ఇంజను పీల్చుకొనే గాలి ఒక సన్నని గొంతు గుండా పోతుంది. గొంతు సన్నబడినచోట గాలి వేగము పెరిగి పీడనము తగ్గుతుంది. అప్పుడు ప్రక్కనున్న గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి తూకములో ఒక పాలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. బండి నిలిచి ఉన్నప్పుడు ఆ గొంతులో గాలి జోరు చాలదు గనుక, దానికి వేరే చిన్న దారి పెట్టినారు. ఆ స్క్రూ ఆ దారికి కాపలా. జాతీయ రహదారి మీద అరువదిలో పోతున్నప్పుడు దాని ప్రమేయము లేనట్లే. సంధి జరిగే చోట సమాస సూత్రము వల్లించినట్లు, మనవారు రహదారి రోగానికి నిలుచున్నప్పటి మందు వేస్తున్నారన్నమాట.

ఉస్తాదు ముందుగా ప్లగ్గులు విప్పినాడు. ఆరోగ్యముగా మండే ఇంజను ప్లగ్గు లేత గోధుమరంగులో ఉంటుంది. మసి పట్టితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ. మావి తెల్లగా ఉన్నవి! పెట్రోలు త్రాగుతున్న బండికి పెట్రోలు చాలడము లేదట. ఈ విరోధాభాసము నాకు అర్థము కాలేదు. ఆయన నవ్వి డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలి రోటరును వ్రేలితో త్రిప్పి వదలినాడు. అది స్ప్రింగు బలముతో తటాలున వెనుకకు రావలెను. రాలేదు. త్రిప్పినచోటనే నిలిచిపోయినది.

ఆ రోటరు క్రింద రెండు చిన్న బరువులుంటాయి. ఇంజను వేగము పెరిగిన కొద్దీ అవి బయటికి విచ్చుకొని నిప్పురవ్వను ముందుకు జరుపుతాయి. పెట్రోలు మండడానికి కొంత వ్యవధి పడుతుంది. పిస్టను వేగము పెరిగినప్పుడు రవ్వ ఇంకా ముందే పడితే గాని ఆ మంట బలము పూర్తిగా పిస్టనుకు అందదు. మా బండిలో గ్రీజు ఎండి బరువులు కదలడము మానివేసినవి. నిలిచి ఉన్నప్పుడు టైమింగు చూచిన ప్రతివాడూ బాగున్నదనే అన్నాడు, అప్పుడు బాగున్నది గనుక. రోడ్డెక్కిన తరువాత రవ్వ ఆలస్యము. మంటలో సగము పొగగొట్టము పాలు. బలము చాలక నేను కాలు ఇంకా నొక్కడము, పెట్రోలు ఇంకా పోవడము.

బరువులు కడిగి నూనె వేసినాడు. కాంటాక్టు పాయింట్లు మార్చి 0.4 మిల్లీమీటరు సందు పెట్టినాడు. చోకు తీగ పూర్తిగా వెనుకకు రావడము లేదని చూచి సరిచేసినాడు. చక్రాలు పైకెత్తి చేతితో త్రిప్పితే వెనుక ఎడమ డ్రమ్ములో బ్రేకు పట్టుకొని ఉన్నది. దాన్ని వదులు చేసినాడు. ఇవేవీ మైలేజి పనులుగా ఎవరూ చెప్పుకోరు.

ప్లగ్గులు తెల్లబడడానికి ఇంకొక కారణము నేటి పెట్రోలు. 2025 నాటికి దేశమంతటా బంకులలో ఇరువది శాతము ఇథనాలు కలిపిన పెట్రోలే వస్తున్నది. ఇథనాలులో పెట్రోలు కంటె శక్తి మూడవ వంతు తక్కువ. పైగా తనలోనే ఆక్సిజను ఉన్నది గనుక ఒక పాలుకు తొమ్మిది పాళ్ళ గాలియే చాలును. కొత్త బండ్లలో కంప్యూటరు ఆ తేడాను పసిగట్టి ఇంధనము పెంచుతుంది. ఇత్తడి జెట్టుకు ఆ జ్ఞానము లేదు. పాత కొలతే పోస్తుంది, మిశ్రమము పలుచనౌతుంది, వేడి పెరుగుతుంది. ఈ స్థితిలో జెట్టు ఇంకా చిన్నది చేసినచో ఎగ్జాస్టు వాల్వులు కాలిపోవడము తథ్యము. సోలెక్సు జెట్టు మీద చెక్కిన సంఖ్య రంధ్రము వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరవ వంతులుగా చెబుతుంది. ఉస్తాదు తన డబ్బాలోంచి అయిదు అంకెలు పెద్దదైన జెట్టు తీసి బిగించినాడు. మైలేజి కోసము వచ్చినవానికి పెద్ద జెట్టు! మా అబ్బాయితో ఫోనులో చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

కొలత విషయములో నేను బడిపంతులునే. ఒకే బంకులో నిండుగా పోయించి, అదే దారిలో పోయి వచ్చి, మరల అక్కడనే నింపించినాను. కిలోమీటర్ల మీటరును రహదారి రాళ్ళతో సరిచూచుకొన్నాను. ఆ రహదారిని 2010 తరువాత నలుబదినాలుగు అంటున్నారు గాని, నా నోట ఏడవ నంబరే వస్తుంది. పెట్రోలియము పొదుపు సంస్థ పి.సి.ఆర్.ఏ. వారు గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగము మేలని ఏనాటి నుండో చెబుతున్నారు. గాలి అడ్డు వేగానికి వర్గముగా పెరుగుతుంది. రెట్టింపు వేగానికి నాలుగు రెట్లు. నేను యాభై అయిదులో పోయినాను. లారీలు హారను కొట్టి దాటిపోయినవి. పెబ్బేరు దగ్గర ఒక ట్రాక్టరు కూడా దాటడానికి ప్రయత్నించినది గాని, అంత అవమానము జరుగనివ్వలేదు.

మూడు శనివారాల సగటు లీటరుకు పదమూడు. ఇరువది లీటర్ల చోట పదిహేనున్నర. వారానికి నాలుగైదు వందలు మిగులుతున్నవి. ప్లగ్గులు మరల విప్పి చూస్తే గోధుమరంగుకు తిరిగినవి.

ఉస్తాదు ఇంకొక మాట కూడా చెప్పినాడు. ఇథనాలుకు పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందట, తేమను కూడా పీల్చుకొంటుందట. కనుక పెట్రోలు గొట్టాలు, పంపు లోపలి రబ్బరు పొర మార్చవలెను, బండిని నెలల తరబడి నిలుపరాదు. గొట్టాలు మార్చినాము. పొర ఇంకా దొరకలేదు, హైదరాబాదులో అడిగిస్తున్నాడు. నిలుపరాదన్న నియమము మాత్రము మాకు కష్టము కాదు. అక్కయ్యకు ఇప్పుడు సప్తమ స్కంధము నడుస్తున్నది. ప్రహ్లాదుని కథ వచ్చే శనివారానికి మొదలవుతుంది.