ఇరవై ఏళ్లు డబ్బాలో ఉన్న నవ్వు

చెక్ సినిమా గురించి మాట మొదలైతే ముందు ఆస్కార్ల లెక్కే వస్తుంది. లెక్క చిన్నదేం కాదు. 1965లో వచ్చిన ‘ద షాప్ ఆన్ మెయిన్ స్ట్రీట్’కి ఒకటి (అది తీసింది స్లొవాక్ భాషలో), 1966 నాటి ‘క్లోజ్లీ వాచ్డ్ ట్రైన్స్’కి ఒకటి. రెండూ చెకొస్లొవేకియా పేరు మీద వచ్చాయి. దేశం రెండుగా విడిపోయాక 1996లో వచ్చిన ‘కోల్యా’కి ఇంకొకటి. నామినేషన్ దాకా వెళ్లినవి వేరే. కోటిన్నర జనాభా కూడా లేని దేశం ఇదంతా సాధించిందంటే ముచ్చటేస్తుంది. కానీ నన్ను పట్టుకున్నది ఆ లెక్క కాదు, తారీఖులు. ఏ సినిమా ఎప్పుడు తీశారు, లోకం దాన్ని ఎప్పుడు చూసింది అన్నది.

నేను మొదట చూసింది ‘క్లోజ్లీ వాచ్డ్ ట్రైన్స్’. యిర్జీ మెంజెల్ దాన్ని తీసినప్పుడు ఆయనకి ఇరవై ఎనిమిదేళ్లు. కథ బొహుమిల్ హ్రాబల్‌ది. జర్మన్ ఆక్రమణ కాలం, ఒక చిన్న రైల్వే స్టేషన్, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. వాళ్ల అమ్మ కిరీటం పెట్టినట్టు వాడి నెత్తిన టోపీ పెడుతుంది. వాళ్ల తాతకి హిప్నటిజం వచ్చు. దేశంలోకి వస్తున్న జర్మన్ ట్యాంకుల్ని చూపుతో ఆపేద్దామని ఎదురెళ్లి వాటి కింద పడి పోతాడు. ఇది చెప్పేటప్పుడు సినిమా నవ్విస్తుంది. నవ్వేశాక మనకే ఎలాగో ఉంటుంది.

మా నాన్న కాజీపేట వైపు చిన్న చిన్న స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి ఈ సినిమా చూపించాను. ఇందులో స్టేషన్ ఉద్యోగి ఒకడు నైట్ డ్యూటీలో టెలిగ్రాఫ్ అమ్మాయి పిరుదుల మీద ఆఫీసు రబ్బరు స్టాంపులు వేస్తాడు. నాన్న పక్కన కూర్చుని చూడాల్సిన సీనేం కాదు. ఆయన దానికి నవ్వలేదు. ఆ తర్వాత జరిగే ఎంక్వైరీకి పగలబడి నవ్వారు. విచారణకొచ్చిన పెద్దమనుషులకి ఆ అమ్మాయి సంగతి పట్టదు. స్టాంపు మీద ఉన్నది జర్మన్ అక్షరాలు కాబట్టి, రాజభాషకి అవమానం జరిగిందా లేదా అన్నదే వాళ్ల బాధ. “ఎంక్వైరీ అంటే ఇంతేరా. జరిగింది వదిలేసి, రిజిస్టర్లో రాయడానికి వీలయ్యేది పట్టుకుంటారు” అన్నారు నాన్న. చెక్ న్యూవేవ్ మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

ఈ నవ్వుకి డబ్బు పెట్టింది కూడా ప్రభుత్వమే. 1945లో సినిమా పరిశ్రమని జాతీయం చేశారు. మరుసటి ఏడాది ప్రాగ్‌లో ఫాము అనే ఫిల్మ్ స్కూలు పెట్టారు. మెంజెల్, మిలోష్ ఫోర్మన్, వేరా ఖిటిలోవా, యాన్ నెమెత్స్ అందరూ అక్కడ చదివినవాళ్లే. సర్కారు జీతంతో, సర్కారు స్టూడియోలో, సర్కారుని ఆటపట్టించే సినిమాలు తీశారు. ఖిటిలోవా ‘డైసీస్’లో ఇద్దరమ్మాయిలు విందుభోజనాన్ని తొక్కి పాడు చేస్తే, తిండి వృథా చేశారని చట్టసభలో గొడవైంది. ఫోర్మన్ ‘ఫైర్‌మెన్స్ బాల్’లో లాటరీ బహుమతులు ఒక్కొక్కటే మాయమవుతాయి. తీసినవాళ్లు సిగ్గుపడి తెచ్చి పెడతారని లైట్లు ఆర్పుతారు. లైట్లు వెలిగేసరికి దొరికిపోయేది, పెళ్లాం ఎత్తుకొచ్చినదాన్ని తిరిగి పెట్టడానికొచ్చిన ఒకే ఒక్క ఫైర్‌మన్. ఆ ఊరు ఏ దేశమో చూసినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

1968 ఏప్రిల్‌లో మెంజెల్ ఆస్కార్ అందుకున్నాడు. ఆగస్టు 21న ప్రాగ్ వీధుల్లోకి ట్యాంకులొచ్చాయి, ఈసారి సోవియట్ వైపు నుంచి. ఫోర్మన్ అప్పటికి పారిస్‌లో ఉన్నాడు. తర్వాత అమెరికా వెళ్లి ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’తో ఐదు, ‘అమెడియస్’తో ఎనిమిది ఆస్కార్లు గెలిపించాడు. మెంజెల్ ఉండిపోయాడు. మళ్లీ హ్రాబల్ కథలే తీసుకుని 1969లో ‘లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్’ పూర్తిచేశాడు. పాత ఇనుము గుట్టల మధ్య శిక్షగా పనిచేస్తున్న ఒక ప్రొఫెసరు, ఒక సాక్సఫోన్ వాయించేవాడు, ఒక పాలవాడు. పక్కనే కాపలాలో ఆడఖైదీలు. జనం ముందుకి రాకముందే సినిమాని నిషేధించి డబ్బాలో పెట్టేశారు. మెంజెల్ చేతిలోకి మళ్లీ ఇంకో సినిమా రావడానికి 1974 దాకా పట్టింది. ఇది మాత్రం 1990లో బెర్లిన్ పండక్కి వెళ్లి గోల్డెన్ బేర్ తెచ్చుకుంది. సినిమా కుర్రాళ్లది. అవార్డు వచ్చేసరికి వాళ్లు నడివయసు దాటారు.

ఈ తారీఖులు నన్నెందుకు వదలవో చెప్తాను. నేను వెబ్ సిరీస్‌లకి మాటలు రాస్తాను. ఈమధ్య ఒక ఎమ్మార్వో ఆఫీసు సీన్లో చిన్న జోకు రాశాను. దాన్ని ఏ సెన్సారూ ఆపలేదు, ఏ నాయకుడూ ఫోన్ చేయలేదు. మీటింగులో ఒకాయన టీ తాగుతూ “ఎందుకొచ్చిన గొడవ” అన్నాడు, అంతే. అందరూ తలూపారు. నేను వాదించాను, నెగ్గలేదు. తర్వాతి సీను రాసేటప్పుడు అలాంటి జోకు తట్టింది కానీ, వేళ్లు కీబోర్డు దాకా వెళ్లి ఆగాయి. అప్పుడు మెంజెల్ గుర్తొచ్చాడు. డబ్బాలో పెట్టి తాళమేసిన నవ్వు ఇరవై ఏళ్లకైనా బయటికొచ్చింది. రాయకముందే మానేసినదానికి డబ్బా కూడా ఉండదు, ఏ పండగవాళ్లూ వెతికి తెచ్చుకోలేరు.

అందుకే చెక్ సినిమా సాధించినదేంటని ఎవరైనా అడిగితే నేను పతకాల జాబితా ఇవ్వను. ‘లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్’ చూడమంటాను. మెంజెల్ 2013లో మన గోవా ఫిల్మ్ ఫెస్టివల్‌కి జీవనసాఫల్య పురస్కారం అందుకోవడానికొచ్చాడు. మన శివేంద్రసింగ్ దుంగర్పూర్ ఆయన మీద ఏడు గంటలకి పైగా నడిచే డాక్యుమెంటరీ తీశాడు. అవీ బాగున్నాయి. కానీ ముందు ఆ సినిమా చూడండి. చివర్లో ఖైదీలు గని లిఫ్టులో కిందకి దిగుతుంటారు. పైన వెలుగు నాణెమంత అవుతుంది, తర్వాత చుక్కంత అవుతుంది. మొహం పైకెత్తి చూస్తున్న ఆ కుర్రాడు మాత్రం సంతోషంగానే ఉంటాడు.