వినే గురువు

మంసాపురం, రాజపాళయం ప్రాంతాల్లో పల్లాంగుళి అనీ, ఆంధ్రదేశంలో వామనగుంటలు అనీ పిలిచే ఆట ఒకటి ఉంది. రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతపిక్కలు, ఎదురెదురుగా ఇద్దరు మనుషులు ఉంటే చాలు. ఈ ఆట ఆడుతూనే పిల్లలు లెక్కపెట్టడం నేర్చుకుంటారు. ఏ గుంటలోని పిక్కలు తీస్తే చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందుగా ఊహించడం నేర్చుకుంటారు. ఎదుట కూర్చున్నది అవ్వ అయితే ఇంకొక విశేషం ఉంటుంది. మనుమరాలు కొత్తగా నేర్చుకునే రోజుల్లో ఆమె కావాలనే ఒకటి రెండు ఆటలు ఓడిపోతుంది. పిల్లకు చేయి తిరిగాక ఇక పట్టు సడలించదు. పిల్ల తడబడితే ఫలానా గుంట చూడమని కనుసైగ చేస్తుందే తప్ప, తానే ఆడి పెట్టదు.

అవ్వ చేసే ఈ పనిని యంత్రం చేయగలదా? కంప్యూటరు శాస్త్రవేత్తలు యాభై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు. 1970లో హైమే కార్బొనెల్ అనే శాస్త్రవేత్త దక్షిణ అమెరికా భూగోళాన్ని ప్రశ్నోత్తరాలతో బోధించే కంప్యూటరు పద్ధతిని వివరించాడు. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త ఒక సంగతి చాటాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గురువు ఉండి నేర్పితే, సామాన్య విద్యార్థి కూడా తరగతిలో కలిసి చదివినవారిలో నూటికి తొంభై ఎనిమిది మందిని మించిపోగలడని ఆయన లెక్క. తేడా అంత ఎక్కువగా ఉండదని తరువాతి పరిశోధకులు తేల్చారు. అయినా పక్కన కూర్చుని నేర్పే గురువు వల్ల మేలు జరుగుతుందన్న మాటను ఎవరూ కాదనలేదు. కాని పిల్లకొక గురువును ఏ దేశం ఇవ్వగలదు?

గురువు పని చేయాలంటే యంత్రానికి పాఠం తెలిస్తే సరిపోదు. విద్యార్థి మనసులో ఏముందో కూడా తెలియాలి. ఒక పిల్లవాడు 42లో నుంచి 17 తీసివేసి 35 అని రాశాడనుకుందాం. తప్పు అని చెప్పడం ఏ యంత్రానికైనా తేలికే. వాడు రెండులో నుంచి ఏడు పోదు కాబట్టి ఏడులో నుంచి రెండు తీసివేశాడు. వాడికి లెక్క రాకపోవడం కాదు, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాలేదు. పిల్లల తప్పుల వెనుక ఇలాంటి క్రమం ఉంటుందని 1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు వివరంగా చూపారు. తప్పును చూసి కారణాన్ని పట్టుకోవడమే మంచి గురువు లక్షణం. యంత్రానికి నేర్పవలసిన విద్య కూడా అదే.

ఇక చదవడం నేర్పే యంత్రానికి కళ్లు ఒక్కటే చాలవు, చెవులు కూడా కావాలి. ఆ చెవులను సిద్ధం చేసినవారిలో ప్రముఖుడు ఒక తెలుగువాడు. దబ్బల రాజగోపాల రెడ్డిగారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆ రోజుల్లో ఆ జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆయన మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి 1958లో పట్టం పొందారు. అక్కడి నుంచి ఆస్ట్రేలియాకు, ఆ తరువాత అమెరికాకు వెళ్లి 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు అందుకున్నారు. 1969 నుంచి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. లోకం ఆయనను రాజ్ రెడ్డి అని పిలుస్తుంది. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు.

మనిషి మాటను యంత్రం చేత వినిపించడం రెడ్డిగారు ఎంచుకున్న పని. ఒకే మాటను తాత ఒక విధంగా పలుకుతాడు, మనుమడు ఒక విధంగా పలుకుతాడు. రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాము గాని, మాట్లాడేటప్పుడు వదలము. యంత్రానికి ఇవన్నీ చిక్కుముడులే. ఆయన శిష్యుడు కై ఫూ లీ 1988 నాటికి స్ఫింక్స్ అనే పద్ధతిని తయారుచేశాడు. అది దాదాపు వెయ్యి మాటల పరిధిలో, ముందు ఎన్నడూ వినని మనిషి గొంతును కూడా పోల్చుకోగలిగింది.

ఈ పునాది మీదనే అదే విశ్వవిద్యాలయంలో జాక్ మోస్టో 1990ల్లో చదువు నేర్పే యంత్రాన్ని నిర్మించాడు. తెరమీద ఒక వాక్యం కనిపిస్తుంది. పిల్ల దాన్ని పైకి చదువుతుంది. యంత్రం వింటుంది. ఏ వాక్యం చదవాలో దానికి ముందే తెలుసు కాబట్టి, ఏ మాట దగ్గర పిల్ల ఆగిందో, ఏ మాట వదిలేసిందో పట్టుకోగలదు. అప్పుడు ఆ మాటను పలికి వినిపిస్తుంది, లేదా చిన్న ఆధారం ఇస్తుంది. ఎన్నిసార్లు తడబడినా విసుక్కోదు, పక్కవారు నవ్వుతారన్న భయం పెట్టదు.

అయితే పిల్లలు యంత్రం కంటే గడుసువారు. కొందరు ఆలోచించకుండా ఆధారం మీద ఆధారం అడుగుతూ, చివరికి జవాబును యంత్రం చేతనే చెప్పించుకుంటున్నారని 2004లో రయన్ బేకర్, ఆయన సహచరులు గమనించారు. అలా చేసినవారు తక్కువ నేర్చుకున్నారని కూడా తేలింది. గురువు యంత్రమైనా మనిషైనా, నేర్చుకునే శ్రమ శిష్యుడిదే.

ఆటల ద్వారా నేర్పే ప్రయత్నం కూడా పెద్ద ఎత్తున జరిగింది. ఒక అంతర్జాతీయ పోటీ కోసం టాంజానియా దేశంలోని 170 పల్లెల్లో దాదాపు 3,000 మంది పిల్లలకు పలక వంటి చిన్న కంప్యూటర్లు ఇచ్చారు. వారిలో ఎక్కువమంది బడి ముఖం చూడనివారే. వారి స్వాహిలీ భాషలోనే ఆటలు, కథలు, లెక్కలు అమర్చారు. ఆ పోటీలో చివరిదాకా నిలిచిన ఐదు బృందాలలో మోస్టోగారి బృందం ఒకటి, బెంగుళూరుకు చెందిన చింపుల్ మరొకటి. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మొదట నూటికి తొంభై మందికి పైగా ఒక్క మాట కూడా చదవలేని పిల్లలే. ఆ ఐదు బృందాల పద్ధతులతో పదిహేను నెలలు నేర్చుకున్నాక అలాంటివారి సంఖ్య సగానికి తగ్గింది. ఆ పాఠాలు పరాయి భాషలో ఉండి ఉంటే ఈ ఫలితం వచ్చేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ సంగతి మంసాపురం వంటి ఊళ్లకు బాగా వర్తిస్తుంది. రాజపాళయం చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు శతాబ్దాలుగా ఉంటున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బస్సు మీది పేరూ, అంగడి మీది పలకా తమిళమే. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నా, తెలుగు పుస్తకం విప్పి చదివించగలవారు కొద్దిమందే ఉండవచ్చు. 'స్వాతంత్ర్యం' అన్న మాట దగ్గర పిల్ల ఆగిపోతే, ఆమె తడబడింది ఒత్తు దగ్గరనా, గుణింతం దగ్గరనా అని చెప్పేవారు ఎవరు? ఓపికగా వినే యంత్రం అవసరం ఇలాంటి ఇంట్లోనే ఎక్కువ.

కాని అక్కడొక ప్రమాదం కూడా ఉంది. యంత్రం తాను విన్న గొంతుల నుంచే మాటను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. హైదరాబాదు, విజయవాడల గొంతులే విన్న యంత్రం ముందు ఈ ప్రాంతపు పిల్ల తనదైన యాసతో సరిగానే చదివినా, అది తప్పని గుర్తుపెట్టవచ్చు. నాలుగుసార్లు అలా జరిగితే ఆ పిల్ల యంత్రాన్ని అనుమానించదు, తన తెలుగునే అనుమానిస్తుంది. క్రమంగా నోరు మూసుకుంటుంది. గొంతు వినడానికి పుట్టిన యంత్రం గొంతు నొక్కినట్టవుతుంది.

దీనికి మందు లేకపోలేదు. మద్రాసు ఐఐటీలోని ఏఐ ఫర్ భారత్ అనే పరిశోధన కేంద్రం, రాజ్యాంగంలోని 22 భాషల్లో సామాన్యుల గొంతులను సేకరిస్తున్నది. రాజ్ రెడ్డిగారు చదువుకున్న గిండీ కళాశాలకు అది ఎంతో దూరంలో లేదు. ఆ సేకరణలో చేరిన ప్రతి యాసా యంత్రానికి తెలిసిన యాస అవుతుంది. చేరనిది దానికి తెలియనిదిగానే మిగిలిపోతుంది. యంత్రం చక్కగా వినడం నేర్చుకోవాలంటే, సంకోచం లేకుండా పైకి చదివే పిల్లలు ముందు ఉండాలి.