వేళ్ళతో తిరగని బోల్టు

చీర ముక్క చేత్తో పట్టుకుని మ్యాచింగు జాకెట్టు గుడ్డ కోసం బజారంతా తిరిగిన అనుభవం మనలో ఎవరికి లేదు? కొట్టులో లైటు కింద చక్కగా కలిసిపోయిన రంగు, ఇంటికొచ్చి ఎండలో చూసేసరికి వేరే రంగై కూర్చుంటుంది. నేనూ నిరుడు వేసవంతా జగ్గయ్యపేట నుంచి బెజవాడ దాకా అలాగే మ్యాచింగు కోసం తిరిగాను. అయితే జాకెట్టు గుడ్డకు కాదు, బోల్టులకు. నవ్వకండి. మావారు అప్పటికే సరిపడా నవ్వేశారు.

ఆ బోల్టులు మా నాన్నగారి కారుకి. నాన్న నందిగామలో ప్లీడరుగా ఉన్న రోజుల్లో సెకండ్ హ్యాండులో కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ అది. పెళ్ళయ్యాక నేను జగ్గయ్యపేట కాపరానికి వచ్చింది అందులోనే. నాన్నకి చూపు మందగించాక కారు గొడ్లసావిడిలోకి చేరింది. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టడం కూడా మొదలెట్టాయి.

పోయిన సంక్రాంతికి తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చి, "పాత ఇనుము వాడు తూకానికి తీసుకుంటానన్నాడక్కా, ఇచ్చేద్దాం. చోటన్నా కలిసొస్తుంది" అన్నాడు. వాడన్నదీ తప్పు కాదు. అరుగు మీద కూర్చున్న నాన్న విన్నారు. ఏమీ అనలేదు. ఆ రాత్రి సగం అన్నం కంచంలోనే వదిలేశారు. తెల్లారాక నన్ను పిలిచి, "అమ్మాయ్, ఒక్కసారి ఆ కారులో పెనుగంచిప్రోలు వెళ్ళి తిరుపతమ్మ తల్లిని చూసి రావాలనుంది. ఆ తర్వాత మీ ఇష్టం" అన్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి "ఆ తర్వాత" అంటుంటే నాకు నోట మాట రాలేదు. సరేనన్నాను.

అనడం తేలికే. మేస్త్రి కారంతా విప్పి రెండు డబ్బాల బోల్టులు నా ముందు కుమ్మరించాడు. కొన్ని తుప్పు పట్టాయి, కొన్నిటికి తలలు అరిగిపోయి పానాకి చిక్కడం లేదు. "ఇంజను సంగతి నేను చూసుకుంటానమ్మా. బోల్టులు మాత్రం మీరే తెచ్చివ్వాలి" అన్నాడు.

ఒక్క కారుకి ఇన్ని బోల్టులేమిటని మీకూ అనిపిస్తుంది. దానికో కథ ఉంది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. స్టాండర్డ్ కంపెనీకి కార్ల బాడీలు చేసిచ్చే కార్ఖానాను అంతకుముందే, 1953లో, పోటీ కంపెనీ కొనేసుకుంది. ఒంటి ముక్కగా బాడీ చేసిచ్చే దిక్కులేక, వీళ్ళు ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించుకున్నారు. అదే కారుని 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వాళ్ళు తయారుచేశారు. అంటే మా కారు ఒక విధంగా అతుకుల బొంతన్నమాట. బొంతకు దారమెంతో దానికి బోల్టులంత.

ఇంగ్లండులో ఇలాంటి పాత కార్లకు బోల్టులు సెట్లుగా అమ్మే కొట్లున్నాయి. తపాలా ఖర్చుతో లెక్క వేయిస్తే 14,000 రూపాయలు తేలింది. "ఇనప ముక్కలకి పట్టుచీర ఖరీదా!" అన్నారు మావారు. ఆ మాట నేననాలి గాని ఆయనంటే నాకు పౌరుషం వచ్చింది. ఊళ్ళోనే తెస్తానని నందిగామలో ఓ హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళి, పాత బోల్టు చూపించి, అంతే లావున్నవి కొత్తవి మెరుస్తున్నవి రెండు డజన్లు తెచ్చాను. ఇంత తేలికైన పనికా వీళ్ళింత హడావిడి చేశారనుకున్నాను.

మేస్త్రి ఒకటి పెట్టి తిప్పాడు. రెండు చుట్లు హాయిగా వెళ్ళి బిగుసుకుంది. "ఇది పట్టదేమోనమ్మా" అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా! "కొత్తది కదా, కాస్త గట్టిగా తిప్పండి, అదే పడుతుంది" అన్నాను. పానా వేసి తిప్పాడు. కీచుమంది. ఛాసిస్‌కి అతికించి ఉన్న నట్టులో మరలన్నీ కొట్టుకుపోయాయి. యాభై ఏళ్ళు పైబడి నిలిచినదాన్ని నేను ఒక్క నిమిషంలో పాడుచేశాను. ఆ నట్టు కోసి కొత్తది వెల్డింగు చేయించడానికి అయిన ఖర్చు కన్నా, నాన్నకెలా చెప్పాలన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నాన్న కోప్పడలేదు. రెండు బోల్టులూ ఇవ్వమని, చెరో చేత్తో పట్టుకుని బొటనవేలి గోరుతో మరలు గీకి చూశారు. "ఇది ఇంచీది, ఇది మిల్లీమీటర్లది" అన్నారు. కళ్ళున్న నాకు తేడా కనపడలేదు! మనది 5/16 అంగుళం, అంటే 7.94 మిల్లీమీటర్లు. నేను తెచ్చింది 8. తేడా అంతా మిల్లీమీటరులో ఆరు శతాంశాలే. కాని మన బోల్టుకి అంగుళానికి 24 మరలు, కొత్తదానికి ఇరవై చిల్లర. అడుగులో అడుగు కలవని ఇద్దరికీ బ్రహ్మముడి వేసినట్టన్నమాట, రెండు చుట్లు తిరిగాక మొరాయిస్తుంది.

ఇంగ్లండులోనూ ఒకప్పుడు ఏ కార్ఖానా మరలు దానివేనట. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన చాలా కార్ఖానాల నుంచి మరమేకులు పోగుచేసి, వాటికి సగటు కట్టి 1841లో అందరికీ ఒకే కొలత చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళ నట్టు అమెరికా వాళ్ళ బోల్టుకి పట్టక నానా ఇక్కట్లూ పడ్డారు. చివరకు 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఉమ్మడి మరలు ఖాయం చేసుకున్నాయి. హెరాల్డ్‌వి ఆ ఉమ్మడి మరలే.

"అయితే అవి మన దేశంలో ఎక్కడ దొరుకుతాయి నాన్నా?" అన్నాను.

"పిచ్చిదానా, అంబాసిడర్లకీ జీపులకీ ఉన్నవి ఆ మరలేగా!"

చూశారా! 2014 దాకా తయారైన అంబాసిడర్ని మన వీధిలో పెట్టుకుని నేను ఇంగ్లండు కేసి చూశాను. నాన్న మంచి నట్లు, సైజుకి ఒకటి చొప్పున ఏరి, దారానికి గుచ్చి నాకిచ్చారు. "బోల్టుని కంటితో చూసి కొనకు. ఈ నట్టు ఎక్కించి చూడు. చివరిదాకా వేళ్ళతో తిరగాలి. వేళ్ళతో తిరగనిదాన్ని పానాతో తిప్పకూడదమ్మా" అన్నారు.

ఆ దండ పట్టుకుని బెజవాడ ఆటోనగర్‌కి వెళ్ళాం. మావారూ వచ్చారు, సంచి మోయడానికట. పాత అంబాసిడర్లూ జీపులూ విప్పి అమ్మేచోట బోల్టులు గుట్టగా పోసి ఉన్నాయి. నేను నట్టు ఎక్కించి చూడబోతే కొట్టాయన, "చూసేదేముందమ్మా, కిలో 250, కలిపి తీసుకెళ్ళండి" అన్నాడు. మూడు కిలోలు తెచ్చుకున్నాం. స్టీరింగు, బ్రేకుల దగ్గరవి మాత్రం నాన్న పాతవి ఒప్పుకోలేదు. అక్కడ డబ్బు చూసుకోకూడదన్నారు. ఈ రకం గట్టి బోల్టుకి తల మీద మూడు గీతలుంటాయి, ఇంకా గట్టిదానికి ఆరు. అలా గీతలున్నవే కొత్తవి కొన్నాం. "మనుషులకీ ఇలా నుదుటి మీద కనపడితే సంబంధాలు చూడటం సులువయ్యేది" అన్నాను. మావారు మాట మార్చేశారు.

మూడు కిలోల బోల్టులూ డీజిల్లో కడిగి చేటలో పోసి నాన్న ముందు పెట్టాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరినట్టే నాన్న వేళ్ళతో తడిమి సైజుల వారీగా వేరుచేసేవారు. పనికిరానివి ఓ పక్క, మర శుభ్రం చేయించాల్సినవి ఓ పక్క. చూపు తగ్గిన దగ్గర్నుంచి ఆయన్ని ఇంట్లో ఎవరమూ ఏ పనీ అడగలేదు. కాలు కదపకండి, మేం చూసుకుంటాం అంటూ ప్రేమగానే పక్కన కూర్చోబెట్టేశాం. ఇప్పుడు మేస్త్రి కూడా గుమ్మంలో నిలబడి "అయ్యగారూ, ఇదేది?" అని అడిగి పట్టుకెళ్తున్నాడు. ఆ నెలరోజులూ నాన్న కంచంలో మెతుకు మిగల్చలేదు.

దసరాకి ఇంజను పలికింది. ఆర్.సి. కాగితాలు ఇంకా రెన్యూవల్ కావాలి కాబట్టి కారు రోడ్డెక్కలేదు. గొడ్లసావిడి నుంచి వీధి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి. నాన్న ముందు సీటులో, తువ్వాలు భుజాన వేసుకుని, కోర్టుకి వెళ్తున్నట్టే కూర్చున్నారు. తమ్ముడే నడిపాడు. పాత ఇనుము వాడి ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాడికిప్పుడు ఇంకేదైనా చెప్పి ఒప్పించాలనిపించినా, నేను వేళ్ళతో తిప్పి చూస్తాను. తిరక్కపోతే ఊరుకుంటాను.

"కాగితాలు రానీ. తల్లి ఎక్కడికీ పోదుగా" అన్నారు నాన్న కారు దిగుతూ. ఆ నట్ల దండ ఆయన లాల్చీ జేబులో గలగలమంది.