కల్లూరు కాలువలో ముప్పై మీటర్లు

ఖమ్మంలో సత్తుపల్లి బస్సెక్కి వైరా, తల్లాడ దాటితే కల్లూరు వస్తుంది. ఒకవంక వరిచేలూ, మామిడితోటలూ. మరొకవంక కొత్తగూడెం మీదుగా భద్రాచలం దాకా సాగే అడవులు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలారు. దరిమిలా ఎడమకాలువ ఈ సీమకూ ఆసరా అయింది. ఇక్కడి రైతుకు నీటితో చెలిమి ఎక్కువ. నారుమడిలో దిగినా, గేదెలను కడిగినా, కాలువలో మునిగినా చేతికి వాచీ ఉండనే ఉంటుంది. ఆ చెలిమి వాచీకి ఎంతవరకు గిట్టుతుందో తెలియాలంటే, ఊళ్ళో వాచీలు బాగుచేసే దుకాణం ముందు ఒక గంట కూర్చుంటే చాలు.

నేనక్కడ ఉండగా ఒక పెద్దాయన పంచెకొంగులో మూట విప్పి వాచీ తీశాడు. అద్దం లోపల మంచు పట్టినట్లు చెమ్మ. పెళ్ళిలో అల్లుడికి పెట్టిన వాచీ, ఏడాది తిరగలేదు.

“దీని వెనక ముప్పై మీటర్లని రాసుంది సారూ! మా కాలువ ముప్పై మీటర్ల లోతుందా? నకిలీది అంటగట్టామని వియ్యాలవారు అనుకుంటున్నారు” అన్నాడు.

చూశారా, విషయం వాచీది కాదు, పెట్టుపోతల పరువుది!

ఆ ముప్పై మీటర్లంటే లోతుకు పట్టా కాదు, ఒత్తిడికి లెక్క. పది మీటర్ల నీరు సుమారు ఒక వాతావరణ పీడనంతో సమానం. ముప్పై మీటర్లంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు మూడు కిలోలు. మూడు సెంటీమీటర్ల వెడల్పు అద్దం మీద ఇరవై కిలోలకు పైగా బరువన్నమాట! కర్మాగారంలో కొత్త వాచీ కదలకుండా ఆ ఒత్తిడికి ఓర్చుకుంటే ఆ అంకె వేస్తారు. ఆనాటి బలం ఏడాదికీ, పదేళ్ళకీ అలాగే ఉంటుందని దాని అర్థం కాదు.

దుకాణదారు వద్ద పారదర్శకమైన గొట్టం ఒకటి ఉంది. అడుగున సగం నీరు, పైన బిగుతైన మూత, పక్కన చేతిపంపు, ఒత్తిడి చూపే ముల్లు. ముందుగా వాచీ విప్పి లోపలి మిషను భద్రంగా బయట పెట్టాడు. ఖాళీ డబ్బీని మూసి, గొట్టంలో నీటికి పైన వేలాడగట్టి, ముల్లు మూడు మీదికి వచ్చేదాకా గాలి కొట్టాడు. కొన్ని నిమిషాలు ఆగాడు. ఎక్కడైనా సందుంటే గాలి ఈలోగా లోపలికి దూరుతుంది. తరువాత డబ్బీని నీటిలోకి దించి, ఒత్తిడిని మెల్లగా వదిలాడు. లోపల చిక్కిన గాలి బయటికి రావాలి గదా! కీ మొదట్లోంచి ఆవగింజలంత బుడగలు వరసగా లేచాయి. వెంటనే వాచీని పైకి లాగేశాడు. ఆలస్యమైతే గాలి వచ్చిన దారినే నీరు లోపలికి పోతుంది.

“వాచీ మంచిదే. కీ దగ్గర రబ్బరు రింగు నలిగింది” అని తీర్పు చెప్పి, రింగు మార్చి, మళ్ళీ పరీక్షించాడు. ఈసారి ఒక్క బుడగ లేదు. పెద్దాయన ముఖం తేటపడింది.

నీటికి ఓర్చే వాచీ కథ పాతదే. రోలెక్స్ వారు ‘ఆయిస్టర్’ డబ్బీని 1926లో తెచ్చారు. 1927 అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఇంగ్లీషు వనిత ఆ వాచీ ధరించి ఇంగ్లీషు చానెల్‌లో పది గంటలకు పైగా ఈదింది. చలికి ఈత పూర్తికాలేదు గాని వాచీ మాత్రం ఆగలేదు. ఆ పైన చాలా కాలం ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాట చలామణీ అయింది. ఏ వాచీ అయినా నీటిని ఎల్లకాలం ఆపలేదు కనుక, ఇప్పుడు ‘వాటర్ రెసిస్టెంట్’ అని మాత్రమే వేస్తున్నారు.

ఈతలో చెయ్యి విసిరితే ఒత్తిడి విపరీతంగా పెరుగుతుందని కొందరంటారు. లెక్కవేస్తే, సెకనుకు అయిదు మీటర్ల వేగంతో విసిరినా పెరిగేది మీటరుంపావు నీటి ఒత్తిడే. అసలు శత్రువులు చెమట, వేడి, వయస్సు. వీటికి రబ్బరు గట్టిపడి పగులుతుంది. మరొకటి: ఎండలో 45 డిగ్రీలకు కాగిన వాచీ 25 డిగ్రీల నీటిలో మునిగితే, లోపలి గాలి ముడుచుకుని, అరమీటరుకు పైబడిన నీటి ఒత్తిడంత బలంతో బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. మన వేసవిలో చేలో పని ముగించి కాలువలో దూకే రైతు చేసేది సరిగ్గా ఇదే!

చెరువు ఎంత పెద్దదైనా తూము దగ్గర గట్టు వదులైతే గండి పడక తప్పదని పల్లెవారికి ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే ఏటా వానలకు ముందే గట్టు చూసుకుంటారు. వాచీకి కీ తూము, వెనక మూత గట్టు. సెల్లు మార్చినప్పుడల్లా రబ్బరు రింగులు చూపించండి, పరీక్ష చేయించండి. కీ పూర్తిగా లోపలికి నొక్కి ఉంచండి. నీటిలో దాన్ని ముట్టకండి. ముప్పై మీటర్ల వాచీకి వాన జల్లూ, చేతులు కడిగిన నీళ్ళూ చాలు. కాలువ స్నానానికి గట్టు మీద కండువాలో చుట్టి పెట్టడం క్షేమం. ఆ కాసేపు వేళ ఎంతయిందో చెప్పడానికి నెత్తిమీద సూర్యభగవానుడు ఉండనే ఉన్నాడు. ఆయనకు ఏ రబ్బరు రింగూ అక్కరలేదు!